కుడి పక్క మనిషి

మూడో రోజు కూడా జములమ్మ మగ్గం దిక్కు తిరిగి చూడలేదు.

పొద్దున్నే లేచింది, వాకిలి ఊడ్చింది, జొన్నరొట్టెలు చేసింది, మొగుడి ముందు పళ్లెం పెట్టింది. పళ్లెం పెట్టిన చప్పుడు పక్కింటి దాకా వినబడింది. అంతే. ఆ తర్వాత వసారాలో చేట ముందేసుకుని కూర్చుని, నిన్న ఏరిన కందిపప్పునే మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.

లోపల మగ్గం గుంతలో, ఎడమ పక్క తన చోట, బాలస్వామి కూర్చుని ఉన్నాడు. కుడి పక్క ఖాళీ. గద్వాల చీరకు నడుమ నూలు, అంచులు పట్టు. ఆ రెండూ కలిసేచోట పోగుకు పోగు మెలివేస్తూ పోవాలి. అందుకే ఒక్క మగ్గం మీద ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు లేచి వెళ్లిపోతే, రెండో మనిషి ఎంత మొనగాడైనా చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. బాలస్వామి మొనగాడే, కాదనలేం. ఆయన చేతి చీర అంటే కళ్లకద్దుకునేవాళ్లు రాయచూరు దాకా ఉన్నారు. ఏం లాభం? మూడు రోజులుగా జానెడు గుడ్డ దిగలేదు.

తెల్లవారితే సంత.

కోడలు మాలతి గడపలో నిలబడి అటు మామను, ఇటు అత్తను మార్చి మార్చి చూసింది. ఆరు నెలలు కాలికి బలపం కట్టుకుని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లన్నీ తిరిగి, నడిగడ్డ చేతిపనుల సంతకు నలభై ఇళ్లవాళ్లను ఒప్పించింది. అచ్చంపేట నుంచి వెదురు బుట్టల ఏసమ్మ వస్తోంది. ఖిల్లా ఘణపూర్ నుంచి గొంగళ్లు నేసే బాలయ్య వస్తున్నాడు. ఎవరెవరో వస్తున్నారు. సొంత ఇంట్లో మగ్గం మాత్రం పడుకుంది.

"అత్తమ్మా, మాట్లాడు. నా మీద కోపముంటే తిట్టు. గిట్ల నోరు మూసుకొని కూసుంటే నేనేం చేయాలె?"

"నాకెందుకు కోపం?" జములమ్మ పప్పులోంచి తల ఎత్తలేదు. "కోపానికొచ్చేటందుకు నేనెవరు? ఆ బోర్డు మీద ఉన్ననా నేను?"

అదిగో, మళ్లీ ఆ బోర్డే.

సంతలో ప్రతి స్టాలుకూ ఒక బోర్డు ఉండాలని మాలతే పెట్టింది. పైన వస్తువు పేరు, కింద "చేసినవారు" అని మనుషుల పేరు. మూడు రోజుల కింద ప్రెస్సు నుంచి బోర్డుల కట్ట వచ్చినప్పుడు, జములమ్మ అంట్లు తోమే చేతులు కొంగుకు తుడుచుకుని పరుగున వచ్చింది. పెద్దగా చదువు లేకపోయినా తన పేరు తాను గుర్తుపడుతుంది. తమ ఇంటి బోర్డు ముచ్చటగా చేతిలోకి తీసుకుంది. "గద్వాల పట్టంచు చీరలు. చేసినవారు: బాలస్వామి." కిందికి చూసింది. వెనక్కి తిప్పి చూసింది. వెనక తెల్లగా ఉంది. బోర్డును గోడకు ఆనించి, ఒక్క మాటా అనకుండా అంట్ల దగ్గరికి వెళ్లిపోయింది.

"ప్రెస్సాయన తప్పు చేసిండు అత్తమ్మా. నేను రెండు పేర్లు రాసిచ్చిన. నా ఫోన్ల ఉన్నది, చూపిస్తనంటే చూడవైతివి. సాయంత్రం దాంక కొత్తది తెప్పిస్త."

"మూడు దినాల సంది తెప్పిస్తనే ఉన్నవు."

"నీ కొడుకునే పంపిన. తెస్తడు."

"మాలతీ, నీకొక్క మాట చెప్త, విను." జములమ్మ చేట పక్కన పెట్టింది. "మీ మామ నా పేరు ఎన్నడు చెప్పిండని? ఢిల్లీ నుంచి సార్లొచ్చిన్రు, మగ్గం కాడ ఫొటోలు తీసిన్రు. అమ్మా, జర పక్కకు జరుగు అన్నరు. జరిగిన. హైదరాబాదుల ఆయనకు శాలువ కప్పిన్రు. తెచ్చి నాకే ఇచ్చిండు, మడత పెట్టి దాయమని. దాసిన. ఒక్కనాడన్న నోరు తెరిచిన్నా? ఆయన మనసే గంత అనుకున్న. మరి నువ్వు? అచ్చంపేటల ఏసమ్మ గుడిసె ముందట నిలబడి ఏమన్నవు? నేను నీ పక్కనే ఉన్న. చేసినోళ్ల పేరు లేని వస్తువు మా సంతల ఉండదు అన్నవు. ఏసమ్మ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నాకు గూడ తిరిగినయి. నువ్వు నా దిక్కు చూడలే."

జాబితా చూపిద్దామని మాలతి ఫోను తీసి, చూపకుండానే మళ్లీ లోపల పెట్టేసింది.

"నాకు ఆయన మీద కోపం లేదు. నీ మీదనే కోపం."

లోపలి నుంచి బాలస్వామి గొంతు లేచింది.

"ఏందా పంచాయితి పొద్దు పొద్దున? పడుగు విప్పి స్టాండు మగ్గానికి ఎక్కియ్యాలె, సంతకు తీస్కపోవాలె. ఆమె వస్తదా, రాదా? అడుగు మాలతీ!"

"రాదని చెప్పు మీ మామకు."

"రాకుంటే పాయె అని చెప్పు! కుడి పక్క కూసునుడు ఏమన్న పెద్ద విద్యనా? నాడె అందుకొనుడు, మల్ల ఇసిరేసుడు. శ్రవణ్‌ను కూసబెట్టుకుంట. ఎవరు లేకున్న నడుస్తది!"

ఇద్దరి మధ్యా పది అడుగుల దూరం లేదు. ఆయన మాట ఆమెకూ, ఆమె మాట ఆయనకూ శుభ్రంగా వినబడుతూనే ఉంది. మాలతి మాత్రం గడపలో నిలబడి ఇద్దరికీ తలూపుతోంది. మూడు రోజులుగా ఆ ఇంట్లో ఉప్పు కావాలన్నా ఇదే వరస.

జములమ్మ మళ్లీ చేట తీసుకుంది. ఈసారి ఏరడం లేదు, పప్పును ఊరికే అటూ ఇటూ తోస్తోంది.

* * *

మధ్యాహ్నం మాలతి మొగుడు శ్రవణ్ కుమార్ వచ్చాడు. బండి మీద టార్పాలిన్ తెచ్చాడు, తాళ్లు తెచ్చాడు, వాటర్ క్యాన్లు మాట్లాడి వచ్చాడు. బోర్డు తేలేదు.

"ప్రెస్సు బంద్ ఉన్నది," అన్నాడు, పెళ్లాం మొహం చూడకుండా.

"మొన్న కరెంటు లేదన్నవు. నిన్న మనిషి లేడన్నవు. ఇయ్యాల బంద్ అంటున్నవు."

"ఉంటే ఉన్నదంట, లేకుంటే లేదంట. నేనేం చేయాలె?"

మాలతి ఇంకేం అడగలేదు. ఫోను తీసి ప్రెస్సు నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. అవతల రెండో మోతకే ఎత్తారు. వెనకాల మిషను గడగడమంటోంది. బంద్ ఉన్న ప్రెస్సులో అంత చప్పుడేమిటో!

"అన్నా, మా ఇంటి బోర్డుల ఒక పేరు పోయింది. జములమ్మ అని. లిస్టుల ఇద్దరి పేర్లు ఇచ్చిన గద?"

"ఇచ్చినవమ్మా. నేను రెండు పేర్లే పెట్టిన. ప్రింటుకు ముందు చూసేటందుకు మీ ఆయన వచ్చిండు గద, ఆయననే రెండో పేరు కొట్టేసిండు. అక్షరాలు పెద్దగ చేయమన్నడు. చేసిన."

మాలతి ఫోను పెట్టేసింది. వసారాలో జములమ్మ కూడా విన్నది. విన్నట్టు కనబడలేదు.

"నువ్వా?"

"అరుస్తవెందుకు? నాయిన కొట్టెయ్యమన్నడు. కొట్టేసిన."

"నాయిన చెప్తే నా లిస్టుల గీత కొట్టేటందుకు నువ్వెవరు?"

"ఇంట్ల లొల్లి ఎందుకని..."

"లొల్లి ఎందుకని! ఇప్పుడేమైతుంది మరి, భజనా? మూడు దినాల సంది మీ అమ్మ నా మొహం చూసి మాట్లాడుతలేదు. నేను ప్రెస్సోడిని తిడుతున్న. నువ్వు పక్కకు నిలబడి నాతోని పాటు వాడిని తిడుతున్నవు! సిగ్గనిపియ్యలేదా?"

"మాలతీ, జర మెల్లగ. వాడకట్టు వాళ్లంతా వింటున్నరు."

"విననీ. నలభై ఇండ్లు తిరిగి చెప్పిన, చేసినోళ్ల పేరు పెడతమని. నా ఇంట్లనే ఒక మనిషి పేరు కొట్టేసిన్రు. కొట్టేసిందేమో ఆమె కన్నకొడుకు!"

శ్రవణ్ మొహం ఎర్రబడింది. తల్లి దిక్కు చూడబోయి, చూడలేక, టార్పాలిన్ మడత విప్పి మళ్లీ మడత పెట్టాడు.

మాలతి గబగబా లోపలికి నడిచింది. మామ ముందు గొంతు ఎత్తి ఎరగని పిల్ల ఆమె. ఈ వేళ అదేదీ గుర్తు రాలేదు.

"మామా, అత్తమ్మ పేరు ఎందుకు తీసేయించిన్రు?"

బాలస్వామి మగ్గం మీంచి చేయి తీయలేదు. ఆయన తప్పు చేసినవాడిలా లేడు, పైగా తనకే అన్యాయం జరిగినవాడిలా ఉన్నాడు.

"ఎందుకంటే ఇది బాలస్వామి చీర. ముప్పై ఏండ్ల సంది గదే పేరు. ఇప్పుడు పక్కన ఇంకో పేరు ఎక్కితే నలుగురేమంటరు? బాలస్వామికి కండ్లు పోయినయి, పెండ్లాం నేస్తుంటే పేరు పెట్టుకొని తిరుగుతుండు అంటరు. ఆ మిషను చీరల జగదీశ్ గాడు చౌరస్తల అననే అన్నడు. అన్నా, అద్దాల నంబరు పెరిగిందంట గద అని. పది మంది ముందట!"

"నేసేది ఇద్దరన్నది నిజమే గద మామా."

"నిజమైతే? మేస్త్రీ ఇల్లు కడితే తట్ట మోసినోళ్ల పేర్లు రాస్తరా?"

తట్ట మోసినోళ్లు. ఆ మాట వసారా దాకా వెళ్లింది. చేట నేల మీద పడిన చప్పుడు వినిపించింది. మాలతికి ఒళ్లు మండిపోయింది.

"ఇప్పుడే పెన్ను తీస్కొని నేనే రాస్త."

"రాయి. ఆ బోర్డు మీద ఇంకో అక్షరం ఎక్కితే నేను సంతకు రాను."

"ఎక్కకుంటే నేను రాను," అంది వసారాలోంచి జములమ్మ.

అంత కచ్చితంగా మొగుడూ పెళ్లాలు ఒకే మాట మీద ఉండడం ఆ ఇంట్లో మూడు రోజుల్లో అదే మొదటిసారి.

మాలతి నెత్తి పట్టుకుంది. నెత్తి పట్టుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. సంతకు నియమం పెట్టింది ఆమే. బోర్డు మీద పేరున్న మనిషి అక్కడే కూర్చుని, చేతితో చేసి చూపాలి. మొదటి రోజు పదకొండు గంటల లోపల పని నడవకపోతే ఆ స్టాలు ఎత్తేయాలి. జగదీశ్ మిషను మీద నేసిన చీరలు సంచుల్లో తెచ్చి స్టాలు అడిగితే, ఈ నియమం చూపించే పంపించేసింది. జగదీశ్ సంగతి సరే. వనపర్తి ఫరీదా నిజంగానే లక్క గాజులు చేసే మనిషి. చేతికి కాలిన గాయం మానలేదు, చేసినవి తెచ్చి అమ్ముకుంటానని బతిమాలింది. నియమం అందరికీ ఒక్కటే అక్కా అని, ఆమెనూ పంపేసింది. ఫరీదా కళ్లు తుడుచుకుంటూ బస్సెక్కింది.

ఇప్పుడు ఆ నియమం తిరిగి తిరిగి తన గుమ్మంలోకే వచ్చింది.

* * *

సంత బాగా కుదిరింది. ఆ మాట ఒప్పుకోవాలి.

గద్వాల బడి మైదానంలో టెంట్లు వేశారు. పొద్దున తొమ్మిదికే జనం కదిలారు. బాలయ్య నల్లగొంగడి పరిచి, దాని మీద నీళ్లు పోసి, ఒక్క చుక్క కిందికి దిగకపోతే చుట్టూ ఉన్నవాళ్లను గర్వంగా చూస్తున్నాడు. ఏసమ్మ పచ్చి వెదురు చీల్చి, కాలి బొటనవేలి కింద అదిమిపెట్టి, మాట్లాడుతూ మాట్లాడుతూనే బుట్ట అడుగు అల్లేస్తోంది. బుట్ట కొన్న వాళ్లందరినీ ముందు బోర్డు చదవమంటోంది. "ఏసమ్మ అని ఉన్నదా? నేనే! ఇంకోసారి చదువు బిడ్డా," అంటోంది. చదివితేనే బుట్ట ఇస్తోంది.

ఆ ముచ్చట చూసి మాలతికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎందుకంటే ఏసమ్మ స్టాల్లోనే, వెదురు కట్టల వెనక, జములమ్మ కూర్చుని ఉంది. రానన్న మనిషి ఆటో ఎక్కి తనంతట తానే వచ్చింది. ఇంట్లో ఉండబట్టలేక వచ్చిందో, ఇంటివాళ్ల తమాషా చూడ్డానికి వచ్చిందో తెలియదు. పలకరిస్తే మొహం తిప్పుకుంది.

తమ స్టాల్లో తండ్రీ కొడుకులు పదిన్నరకు మగ్గం మీద కూర్చున్నారు. ఎడమ పక్క బాలస్వామి, కుడి పక్క శ్రవణ్. పైన ఆ బోర్డే వేలాడుతోంది, ఒక్క పేరుతో.

"ఆఁ, ఇసురు," అన్నాడు బాలస్వామి.

శ్రవణ్ పేక పోగు చుట్టిన నాడె విసిరాడు. పదేళ్ల కింద సెలవుల్లో నేసిన చెయ్యి అది. ఆ తర్వాత చీరలు ఫోనులో ఫొటోలు తీసి అమ్మడమే తప్ప నేసింది లేదు.

"మెలెయ్యి. మెలెయ్యిరా!"

"వేస్తున్న నాయినా."

"ఏడ వేస్తున్నవు? పట్టు గట్టిగ గుంజు. గంత గట్టిగ కాదు! నూలు తెగుతది!"

జనం పోగయ్యారు. మగ్గం చుట్టూ ఎప్పుడూ జనం పోగవుతారు, అది మగ్గం గొప్పతనం. రాయచూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ముందుకు వంగి, కొత్తగా దిగిన గుడ్డను చేతితో తడిమింది. నూలూ పట్టూ కలిసేచోట ఆమె చిటికెన వేలు ఇవతలి నుంచి అవతలికి వెళ్లిపోయింది.

"నోడమ్మా, ఇల్లి తూతు బిద్దైతి," అంది తన పక్కామెతో.

కన్నడం రానివాళ్లకు కూడా ఆ వేలు కనబడింది. బాలస్వామి చీరలో సందు! అంచు ఒక దారి, నడుమ గుడ్డ ఒక దారి. చూసినవాళ్లు చూడనట్టు చీరల మడతలు సర్దారు. ఒక్క జగదీశ్ మాత్రం సర్దలేదు. తనకు స్టాలు లేకపోయినా, ఇద్దరు దోస్తులను వెంటేసుకుని పొద్దుటి నుంచి అక్కడే తిరుగుతున్నాడు.

"బాలస్వామన్నా, మా మిషను చీరల గూడ గింత సందు ఉండదే!"

బాలస్వామి ఆయన్ని ఏమీ అనలేదు. అన్న మాటలన్నీ కొడుకును అన్నాడు. పది మందిలో, నోటికి వచ్చినట్టు. చేతులు పడిపోయినయా అన్నాడు, ఎందుకు పుట్టినవురా అన్నాడు. శ్రవణ్ రెండు వరసలు ఓర్చుకున్నాడు. మూడో వరసలో పట్టు పోగు పుటుక్కున తెగింది. నాడె మగ్గం మీద పడేసి లేచి నిలబడ్డాడు.

"నాతోని కాదు. అమ్మ చేసే పని నాతోని కాదు."

వెళ్లిపోయాడు. వెనక్కి పిలిచినవాళ్లు లేరు.

"మాలతమ్మా," అన్నాడు జగదీశ్, బహు మర్యాదగా. "రూలు మాకేనా, మీ ఇంటికి గూడనా? పదకొండు గంటలకు పని నడవకుంటే స్టాలు లేదంటివి. వనపర్తి ఫరీదను గూడ గట్లనే వాపస్ పంపినవంట గద. అడుగుతున్న, గంతే."

మాలతి గడియారం చూసింది. ఇరవై నిమిషాలు ఉంది. ఇంకో ఆడమనిషినో మగమనిషినో తెచ్చి కూర్చోబెట్టి, పని నడిచిందనిపించవచ్చు. ఎవరూ పట్టుకోరు. జగదీశ్ పట్టుకున్నా దబాయించవచ్చు. కానీ ఫరీదా బస్సెక్కిన వెనకాల తాను ఎంత నిబ్బరంగా నిలబడిందో గుర్తొచ్చి, తన మీద తనకే కోపం ముంచుకొచ్చింది.

స్టూలు జరిపి ఎక్కి, బోర్డు దారం తెంపింది.

"ఏం చేస్తున్నవు?" బాలస్వామి అరిచాడు.

"తీసేస్తున్న మామా. దీని మీద ఉన్నది అబద్ధం. అబద్ధం బోర్డుకు నా సంతల స్టాలు లేదు."

"కోడలివా, పగదానివా? నా ఇజ్జతు తీసేటందుకే పెట్టినవా ఈ సంత?"

"ఇజ్జతు నేను తియ్యలే. మీ ఇంటి మనిషి పేరు మీరే కొట్టేయించిన్రు. పేరు పోయింది, మనిషి పోయింది, ఇప్పుడు చీర గూడ పోయింది. చూస్కోండి!"

అనేసింది. మామ మొహం చూడలేక బోర్డు వైపు చూసింది.

"ఆ బోర్డు ఇట్ల తే."

జములమ్మ. ఎప్పుడు లేచి వచ్చిందో, జనం ఎప్పుడు దారి ఇచ్చారో మాలతి గమనించలేదు. చీర కుచ్చెళ్లకు వెదురు పొట్టు అంటుకుని ఉంది. బోర్డు అందుకుని తెల్లగా ఉన్న వెనక పక్క పైకి తిప్పి, కోడలి ముందు పెట్టింది.

"రాయి."

మాలతికి ప్రాణం లేచి వచ్చింది. చేతిసంచిలోంచి మార్కరు తీసింది. "రాస్త అత్తమ్మా. ఇద్దరి పేర్లు పక్క పక్కన, సమానంగ..."

"రెండొద్దు. నాదొక్కటే రాయి."

"అత్తమ్మా!"

"ఏం? ముప్పై ఏండ్లు ఒక్క పేరుతోనే నడిచింది గద. అప్పుడు ఎవ్వరికి తప్పు అగుపడలే. ఇగ ముందట గూడ ఒక్క పేరుతోనే నడుస్తది. పేరు మారుతది, గంతే."

అది న్యాయం కాదని మాలతికి తెలుసు. జములమ్మకూ తెలుసు. తెలిసే అడుగుతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ తడి లేదు.

"అది రాస్తే నేను మగ్గం దిగుత," అన్నాడు బాలస్వామి.

"దిగు," అంది జములమ్మ.

మూడు రోజుల తర్వాత మొగుడితో నేరుగా అన్న మొదటి మాట అది. బాలస్వామి దిగాడు. దిగి, టెంటు గుంజ దాకా వెళ్లి ఆగిపోయాడు.

మాలతి రాసింది. పెద్ద అక్షరాలతో, ఆపకుండా రాసింది. చేసినవారు: జములమ్మ.

జములమ్మ అది చదివింది. పొంగిపోలేదు. మగ్గం ఎక్కి ఎడమ పక్క, మొగుడి చోట, కూర్చుంది. సందు పడిన గుడ్డను పోగు పోగుగా విప్పేసింది. తెగిన పట్టును బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పెట్టి ఒక్క నలుపు నలిపి అతికింది. ఆ తర్వాత కాళ్లు చూసుకోకుండానే తొక్కుడు కట్టెల మీద పెట్టింది.

"నీకు ఎడమ పక్క వస్తదా అత్తమ్మా?"

"మీ మామ కామెర్లతోని దవాఖానల పడ్డ ఏడాది పెండ్లి చీరలు ఆగినయా? మా అక్కను కుడి పక్క కూసబెట్టుకొని ఇక్కడ నేను కూసున్న. అన్ని నేసిచ్చిన. అవి గూడ బాలస్వామి చీరలే అయినయి." అని, టెంటంతా వినబడేలా గొంతు పెంచింది. "కుడి పక్క ఖాళీ ఉన్నది. నేసేటోళ్లు ఎవరన్న ఉంటే వచ్చి కూసోమను."

అందరూ బాలస్వామి దిక్కు చూశారు. జగదీశ్ కూడా నవ్వడం మానేసి చూశాడు.

మాలతి పరుగున గుంజ దగ్గరికి వెళ్లింది. "మామా, రండి. మీరు కూసోండి. ఇంక పది నిమిషాలే ఉన్నది. తర్వాత నేనే అత్తమ్మ కాళ్లు పట్టుకొని అయినా రెండు పేర్లు రాయిస్త. పంతాలకు పోయేటి టైము కాదు మామా."

"పంతం కాదు మాలతీ." ఆయన గొంతులో పొద్దుటి కోపం చుక్క కూడా లేదు. చేతులు రెండూ ముందుకు చాపి, ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు. "కుడి పక్క మెలి నాకు రాదు. ఒక్కనాడు గూడ కూసోలే. పట్టు పోగు ఎడమ చేత్తోని ఎట్లనో తిప్పుతది ఆమె. ఎట్ల తిప్పుతదో... నేనెన్నడు చూడలే."

మెల్లగానే అన్నాడు. కానీ అప్పటికే టెంటు కింద అందరూ నోళ్లు మూసుకుని ఉన్నారు. అందరికీ వినబడింది.

జములమ్మ తల తిప్పలేదు. నాడె చేతిలో పట్టుకుని, ఖాళీగా ఉన్న కుడి పక్కనే చూస్తోంది.

"అయితే వచ్చి నిలబడి చూడమను," అంది. "బోర్డు మీద పేరు లేకున్న నిలబడి చూడొచ్చు. నేను ఇన్నేండ్లు చూసిన."